మాడు వాసన

నిన్న ఫ్లైఓవర్ మీద ఎవరిదో కారు క్లచ్ మాడిన వాసనొచ్చింది. మా అవ్వ గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమంలో ఓరోజు జనగామ రోడ్డు మీదే వంటావార్పు. అన్నం వండే పని అవ్వది. జనంలో హాఫ్ క్లచ్ మీద అంగుళమంగుళం జరుగుతూ వచ్చిన ఎర్ర స్పోర్ట్స్ కారు మా ముందే ఆగిపోయింది. గుప్పున మాడు వాసన.

“అవ్వా, అన్నం మాడింది!” అని అరిచాను.

“నా అన్నం ఎన్నడన్న మాడిందానే?” అవ్వ గరిటె ఎత్తింది.

కారులోంచి కోస్తా కుర్రాడు బెదురుతూ దిగాడు. “క్లచ్ పోయిందండీ, మార్చగలరా?”

మా బాపు మెకానిక్. “ఇయ్యాల బంద్, పానా ముట్ట. ముందుగాల బువ్వ తిను తమ్మీ” అని విస్తరి వేశాడు.

హైదరాబాదు నుంచి కొత్త క్లచ్ ప్లేటు వచ్చేదాకా అతను మా ఇంట్లోనే ఉన్నాడు. బాపు గేర్‌బాక్సు దించి, బొగ్గయిన పాత ప్లేటు తీయగానే అవ్వ దాన్ని నా ముక్కుకు ఆనించింది.

“గిది మాడింది, నా అన్నం గాదు. పో, వాడంత చెప్పిరా!”

ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాను.

అవ్వ పోయాక బాపు చెప్పాడు, ఆ రోజు అన్నం కూడా మాడిందట. తిన్నవాళ్లలో ఒక్కరూ ఆ మాట అనలేదు. ఆ కుర్రాడైతే మళ్లీ అడిగి పెట్టించుకున్నాడట.