కొబ్బరిచెట్టు మీంచి పడ్డ డబ్బా

మా సైన్సు మేష్టారు పోయారని మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తుంటే తెలిసింది. ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

కొత్తపేటలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకి ఆయన గొడుగు గుర్తుండే ఉంటుంది. ఎండైనా వానైనా చంకలోనే ఉండేది; విప్పగా చూసినవాళ్లు లేరు. పాఠం మధ్యలో జేబులోంచి వక్క తీసి కిందికి వదిలేవారు. "ఎవరు లాగేరు?" అంటే మేమంతా "భూమండీ!" అని అరవాలి.

డెబ్బైల చివర నేను పదో తరగతి. మా నాన్న చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. ఒకసారి చెట్టు మీంచి కాలవగట్టు బురదలో పడి బతికాడు. "పడుతున్నంతసేపూ ఒంటి బరువే తెలీలేదే. నేల తగిలేకే వచ్చింది బరువంతా" అనేవాడు. పడే వస్తువు బరువు గురించి పరీక్షలో అడిగితే, మా నాన్న చెప్పాడని అదే రాశాను. మేష్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టి, క్లాసులో చదివి వినిపించారు. అందరూ నవ్వారు. నన్ను నవ్వితే పోనీ, మా నాన్న మాటని నవ్వారని ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఆయన ఎన్ని వక్కలు వదిలినా నేను నోరు విప్పలేదు.

రెండు నెలలకి ఒక సాయంత్రం ఆయన సైకిలు మీద పలివెలలో మా ఇంటికొచ్చారు. చేతిలో అడుగున చిల్లు పెట్టిన పాలపొడి డబ్బా.

"రాజమండ్రి నుంచి ఓ పుస్తకం తెప్పించేనండీ," అన్నారు మా నాన్నతో. "పడేవాడికి బరువు తెలీదట. భూమి లాగుతోందని మనం అనుకుంటున్నదే మళ్లీ ఆలోచించుకోవాలట. నాకు సగమే అర్థమైంది. మిగతా సగం మీరు పడి తెలుసుకున్నారు."

మా నాన్నని 'మీరు' అన్న మొదటి మేష్టారు ఆయనే. నాన్న కంగారుపడిపోయి, "ఆయ్, ఏదో పడ్డానండీ. తెలిసి పడలేదండీ," అన్నాడు.

డబ్బాలో నీళ్లు పోసి పైనుంచి వదిలి చూద్దామని మేష్టారు అంటే నాన్న చెట్టెక్కాడు. నీళ్ల డబ్బాని తాడుతో పైకి లాగుతుంటే చిల్లులోంచి ధారగా కారి మేష్టారి లాల్చీ తడిసింది. తాడు విప్పి డబ్బా వదిలాడు. నేల తగిలేదాకా చిల్లులోంచి చుక్క రాలేదు. డబ్బాతోపాటు నీళ్లూ పడుతున్నాయి మరి, ఇంక దేనిమీద బరువు వేస్తాయి?

మర్నాడు క్లాసులో, "ఆ సున్నా నాదర్రా, అమ్మాయిది కాదు," అన్నారు. వక్క వదలడం మానలేదు గాని, ఎవరు లాగేరని మాత్రం మళ్లీ అడగలేదు. "ఏం చూసేరో చెప్పండి" అనేవారు. ఇవాళ నేనూ ఆ పాఠమే చెప్పుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే.

ఆయన్ని తలుచుకోగానే ఆ సాయంత్రమే కళ్లముందుకొస్తుంది. డబ్బా సొట్టపోయి పడుంది. మేష్టారి తల మీంచి నీళ్లు కారుతున్నాయి, గొడుగు చంకలోనే ఉంది. చెట్టు మీదున్న మా నాన్న వైపు తలెత్తి చూస్తూ, "ఇంకొక్కసారి వదులుతారా అండీ?" అని అడుగుతున్నారు.