దివిటీకొండ రేష్మాది

పన్నెండేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

పిల్లల కోసం నేను రాసిన నవలలో దివిటీకొండ అనే కోట ఉంది. మూడు ప్రాకారాలు, శిఖరాన ఎప్పుడూ వెలిగే మంట. శత్రువు వస్తే అక్కడ మంట వెలిగించరు, ఉన్నదాన్ని ఆర్పేస్తారు. కాపలావాళ్లను చంపేసినా మంట ఆరుతుంది, ఊళ్లకు కబురు అందుతుంది. ఈ ఒక్క ఊహతోనే పుస్తకానికి పేరొచ్చింది.

అది నాది కాదు. రేష్మాది.

పటమటలో శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్లో ఇద్దరం పనిచేసేవాళ్లం. మౌస్ పట్టుకోవడం కూడా రాని నాకు విసుక్కోకుండా పని నేర్పింది తనే. మధ్యాహ్నం తన బాక్సులో సగం నాకు పెట్టి, పాడైన కార్డుల వెనక ఆ కొండ గీస్తూ కథ చెప్పేది. నేను ఇంటికెళ్లి రాసుకునేదాన్ని. పత్రికకు పంపినప్పుడు నా పేరొక్కటే పెట్టాను. మరిచిపోయానా? ఛ, అదీ అబద్ధమే. శుభలేఖలో ఎవరి పెద్దమ్మ పేరైనా జారిపోతే పెళ్లివారు షాపు మీదికి వచ్చేస్తారని, ఒకరం చదువుతుంటే ఇంకొకరం రెండేసి సార్లు సరిచూసేవాళ్లం. అలాంటి పని చేసేదాన్ని, పేరు వదిలేయడమంటే ఏమిటో నాకు తెలియదా? రచయిత్రి అనిపించుకోవాలని తెలిసే చేశాను.

అచ్చయిన రోజు పత్రిక తనే కొనుక్కొచ్చింది.

"కొండ భలే వచ్చిందే! మా పిల్లలకి చదివి వినిపించా."

"రేష్మా, నీ పేరు..."

"ముందు తిను. పొద్దుట్నుంచీ ఏం తినలా నువ్వు."

అది కోపమా, జాలా? అడిగే ధైర్యం లేక తలొంచుకుని తిన్నాను. పని నేర్పడం తను మానలేదు. కథలు మాత్రం మళ్లీ చెప్పలేదు.

ఇప్పుడు హనుమాన్ జంక్షన్లో సొంత షాపు పెట్టుకుంది. పత్రికలో వచ్చిన ఆ నవల తర్వాత పుస్తకమైంది, అది మళ్లీ అచ్చయినప్పుడల్లా ఫోన్ చేసి సంతోషపడుతుంది. ఎంత మంచి మనిషి! నాకు అన్నం పెట్టింది, పని నేర్పింది, కథ ఇచ్చింది. తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. క్షమించమని మాత్రం ఇంకా అడగలేదు.

బడులకు వెళ్తే పిల్లలు అడుగుతుంటారు, మంట ఆర్పేయాలని ఎలా తట్టింది మేడమ్ అని. ఏదో అలా తట్టిందని నవ్వేసేదాన్ని. నిన్న ఓ పాప అదే అడిగింది. నాకు కాదమ్మా, రేష్మాకి తట్టింది అన్నాను. ఆవిడెవరు అంది. చెప్పడం మొదలుపెట్టాను. బెల్లు కొట్టినా ఆపలేకపోయాను.