ఆనందరావు గోత్రం

ఉద్యోగంలో అది నా చివరి ఏడాది. ఢిల్లీలో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో సరీసృపాల విభాగానికి అధికారిని. విదేశీ పాములు పెంచుకునేవాళ్లు వాటిని జత కట్టించాలంటే, ఆ పాము ఏ ప్రాంతపు రకమో రాసి నేను సంతకం పెట్టాలి.

ఆ వానాకాలంలో ఫరీదాబాద్ నుంచి సుగుణమ్మ గారు వచ్చారు. బాపట్ల వైపు మనిషి, ఆసుపత్రిలో హెడ్‌నర్సు. ఆవిడ పెంచుతున్నది కార్పెట్ కొండచిలువ. ఆస్ట్రేలియా మూలం, విషం లేదు, నలుపు మీద పసుపు పట్టీలు. పేరు ఆనందరావు.

“డాక్టరు గారూ, మావాడికి గుర్‌గావ్‌లో సంబంధం కుదిరింది. ఖురానా భయ్యా మీ కాగితం కావాలంటున్నాడు” అన్నారు.

ఖురానా ఆడపాము స్వచ్ఛమైన ‘జంగిల్’ రకమట, అంటే వానఅడవుల రకం. అల్లుడూ అదే రకం కావాలట. ఆదివారాలు కులానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చే నాకు వారమంతా పాముల గోత్రాలు చూసే ఉద్యోగం! ఆవిడ పెట్టెలో తెచ్చిన ఆనందరావును చూడగానే జంగిల్ అనేశాను. సుగుణమ్మ గారు మిఠాయి డబ్బా తెరిచారు.

ఫారంలో ‘గుర్తించిన ఆధారం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘చూపు’ అని రాయబోయి సిగ్గేసి ఆగాను. ఒంటి రంగు చూసి పుట్టుక చెప్పేవాళ్లనే కదా నేను వేదికలెక్కి దులిపేది! ఆనందరావు పుట్టిన చోటి పెంపకందారు రిజిస్టరు తెప్పించాను. ఆనందరావు తల్లి జంగిల్, తండ్రి తీరప్రాంతపు రకం.

ఖురానా సంబంధం వద్దని ఫోన్లోనే తేల్చేశాడు: “మిక్స్ హై క్యా? నహీ చలేగా.”

సుగుణమ్మ గారు మండిపడ్డారు. “మా ఆయనదీ నాదీ మిక్సే. మా పిల్లల్ని ఎవరూ వెనక్కి పంపలేదే!”

కలగలుపు తక్కువేమీ కాదనీ, కాగితం మీద అబద్ధం రాయడమే తప్పనీ చెప్పాను.

“అచ్ఛా. మరి ఆ పిల్ల కాగితం చూశారా?”

చూడలేదు. తెప్పించాను. స్వచ్ఛమైన జంగిల్ అని ఉంది. ఆధారం: చూపు. కింద ఆరేళ్ల నాటి సంతకం నాదే.

ఆ పత్రం రద్దు చేసి ‘మూలం తెలియదు’ అని కొత్తది ఇచ్చాను. ఖురానా ఫిర్యాదు చేశాడు. నాకు మెమో వచ్చింది, న్యాయంగానే వచ్చింది. చలికాలానికి అతని బెట్టు సడలింది. పుట్టే పిల్లల పత్రాల్లో ‘కలగలుపు’ అని రాయాలన్న షరతు మీద జత కట్టించాం.

నా పాత పత్రాలన్నీ మళ్లీ బయటికి తీశాను. రికార్డు ఉన్నచోట దాని నంబరు వేశాను. లేనిచోట ‘తెలియదు’ అని రాశాను. ఆ ఒక్క మాట రాయడం నేర్చుకునేసరికి నా సర్వీసు అయిపోయింది.