ఐలయ్య బావ ఈతకే వెళ్లాడు

నిన్న సాయంత్రం షాపులో ఉండగా తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"మీ బావ పోయిండక్కా."

నేను నమ్మలేదు. ఈ రోజుల్లో ఫోన్ చేసి ఏమైనా చెప్తారు. "ఏ బావ? ఏ ఊరు? ముందుగాల నువ్వెవరు?" అని గద్దించాను. అవతలి మనిషి ఏడుస్తూ "తరిగొప్పుల ఐలయ్య బావ" అన్నాడు. అయినా కట్ చేసి నేరుగా మా అక్కకు చేశాను.

అక్క ఎత్తలేదు. పక్కింటావిడ ఎత్తింది. వెనక నుంచి ఏడుపులు వినిపించాయి.

అప్పుడు షాపు అలాగే వదిలేసి బయల్దేరాను. కౌంటర్ మీద చీరలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి.

ఐలయ్య బావ మా సరోజక్క భర్త. తరిగొప్పుల దగ్గర కాస్త పత్తి, కాస్త వరి. నాది మహబూబాబాద్‌లో బట్టల షాపు. నా సంగతి చెప్పాలంటే, ఏదీ ఊరికే నమ్మను. పట్టు అంటే అంచు నలిపి చూస్తాను. మనిషి నవ్వితే ఎందుకు నవ్వాడా అని చూస్తాను.

అందుకే బావ నాకు మొదటి నుంచీ అనుమానమే.

పంట పోయిన ఏడు కూడా మొహం మాడ్చుకోడు. వాన రాకపోతే "వస్తది తియ్" అంటాడు. మనిషన్నవాడు అంత తృప్తిగా ఎలా ఉంటాడండీ? ఏదో ఉంది, దాస్తున్నాడు అనుకునేదాన్ని.

పైగా రోజూ పొద్దుగూకే ముందు కాసేపు మాయం. తిరిగొచ్చేసరికి తల తడి, చక్కగా దువ్విన క్రాఫు, నోట్లో ఈల. చెప్పండి, ఎవరికైనా డౌట్ రాదా?

ఒకసారి అక్కను బలవంతంగా లేపి ఆయన వెనకే తీసుకుపోయాను. పత్తి చేన్లో వంగి వంగి నడిచాం. "గిట్ల దొంగలోలె పోవుడేందే" అని అక్క గొణుగుడు. "నోరు మూసుకొని రా" అని నేను. ఎవరో ఒక ఆడది బయటపడుతుందని, ఏం తిట్టాలో కూడా రెడీగా పెట్టుకున్నాను.

చేను చివర పాత వ్యవసాయ బావి. అందరూ బోర్లు వేసుకున్నాక దాని జోలికి ఎవరూ పోవడం లేదు. తొంగి చూశాం.

నీళ్ల మీద వెల్లకిలా బావ. కళ్లు మూసుకుని, చేతులు చాపి.

"ఏం జేస్తున్నవ్ బావా గీడ?"

"ఏం జేస్తలేను మరదలా. తేలుతున్న."

అంతే! నాకు ఒళ్లు మండింది. ఇంత బాగా ఈత వచ్చు, పోటీలకు పోవచ్చు, నలుగురికి నేర్పి పేరు తెచ్చుకోవచ్చు, ఊరికే పడుకోవడమేంటని దులిపేశాను.

"గెలిస్తె నీళ్లు ఇంకింత సల్లగైతయా?" అని నవ్వాడు. "పొద్దంత చేన్ల పని జేసిన. గీ జరసేపు దొరికితె దినం నాది. దొరక్కపోతె పత్తిది."

నేను అప్పుడూ నమ్మలేదు. షాపు షట్టర్ దించేటప్పుడు హమ్మయ్య, ఇవాళ గడిచింది అనుకుంటాను తప్ప, బాగుందని నేను ఏనాడూ అనుకోలేదు. ఆయన రోజూ అనుకుంటాడంటే ఎలా నమ్మను?

నిన్న ఆ బావి దగ్గరే పోయాడు. మెట్ల మీద, కాళ్లు నీళ్లలో. గొర్లు కాసేవాళ్లు చూసి పైకి తెచ్చారు. దవాఖానలో గుండె ఆగిందన్నారు.

ఊరు ఊరుకుంటుందా? నేను చేరేసరికి వాకిట్లో గుసగుసలు. "రోజు ఈత గొట్టేటోడు బావి కాడ ఎట్ల పోతడు?" "పొద్దుగాల ఆళ్లింట్ల లొల్లి ఇనబడ్డది."

భూపాలపల్లి నుంచి బావ తమ్ముడు శ్రీను వచ్చాడు. అన్న మొహం చూసి ఏడ్చి, నేరుగా అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏం లొల్లి అయింది వదినె? మా అన్నను ఏమన్నవ్? కావాలనే పోయిండా?"

అక్క నోరు తెరవలేదు.

ఆ మౌనం చూసి నాకు భయమేసింది. మొగుడు తనవల్లే ప్రాణం తీసుకున్నాడన్న మాట అక్క బతికినన్నాళ్లూ మోయాలి. చెప్పనా? నాకూ అదే డౌట్. ఆ తృప్తి అంతా నటనేనా? లోపల ఇంకేదో ఉండి పైకి నవ్వాడా?

ఇవాళ పొద్దున్నే, పాడె కట్టకముందే, బావి దగ్గరికి పోయాను. ఎవరు చెప్పినా నమ్మను కదా, నా కళ్లతో చూడాలి. తడి లుంగీ పిండి రాయి మీద ఆరేసి ఉంది. మెట్లు, ఒడ్డు అన్నీ వెతికాను. చివరికి బావి పక్కనున్న పాత మోటర్ గది తలుపు తీశాను.

లోపల రెండు ఖాళీ నూనె డబ్బాలు. మూతలు బిగించి, పాత చీర చింపి జంటగా కట్టినవి.

మా వైపు ఈత నేర్చుకునేవాళ్లకు మునగకుండా నడుముకు ఇలాగే డబ్బా కడతారు. పిల్లలకైతే ఒక్కటి చాలు. ఇవి రెండు, ఆ చీర ముక్క కూడా పెద్దవాళ్ల నడుముకు సరిపోయేంత పొడుగు. చీర నా షాపుదే. అక్కకు నేను పెట్టిందే.

తెచ్చి వాకిట్లో అందరి ముందూ పెట్టాను. "గివి ఎవరికి కట్టిండో చెప్పక్కా."

అక్క చూసి భోరుమంది.

"నాకేనే. పొద్దుగాల లొల్లి గిదే. ఒక్కసారి దిగు, నేనున్న గద అని ఏండ్ల సంది పానం దీస్తుండు. గీ వయసుల బావిల దిగితె నలుగురు నవ్వరా అని ఒర్రిన. ఆఖరికి సరే, రేపు వస్త తియ్ అన్న. గిది అందరి ముందర ఎట్ల జెప్పాలె? సిగ్గయింది."

రేపు అంటే ఇవాళ.

శ్రీను వదిన ముందు కూర్చున్నాడు. "తప్పయింది వదినె" అన్నాడు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వెంట పెడతాం కదా, కాసేపటికి లేచి ఆ డబ్బాలు పాడె మీద అన్న పక్కన పెట్టబోయాడు.

అక్క లేచి లాక్కుంది.

"వద్దు. గవి నాకోసం కట్టిండు. నా కాడనే ఉంటయ్."

బావా, ఇన్నేళ్ల తర్వాత ఇవాళ నిన్ను నమ్మాను.

నిమ్మళంగా ఉండు.