ఎస్తేరుకు కావలసినంత బిగుతు

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా బెంగపెట్టుకున్న ఏడాది, ఎండలు ముదరకముందే, నేను పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పునరావాస వైద్య విభాగానికి కన్సల్టెంటుగా చేరాను. పక్షవాతం వచ్చినవాళ్లను, వెన్ను దెబ్బతిన్నవాళ్లను మళ్లీ కూర్చోబెట్టి, నిలబెట్టి, వీలైతే నడిపించి ఇంటికి పంపడం మా పని. ఆపరేషన్లు చేసేవాళ్ల దృష్టిలో మేం 'ఎక్సర్‌సైజు డాక్టర్లం'. ఆ మాట నా ముఖం మీదే అన్నవాళ్లున్నారు. భీమవరం నుంచి వచ్చినదాన్ని, మాటకు మాట అప్పజెప్పకుండా ఊరుకునే అలవాటు నాకు లేదు.

ఆసుపత్రి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పేషెంటు ఏ డాక్టరు పేరు మీద అడ్మిట్ అయితే మందుల విషయంలో చివరి మాట ఆ డాక్టరుదే. మిగతావాళ్లం పిలిస్తే వెళ్లి సలహా చెబుతాం. వింటే విన్నట్టు, లేకపోతే లేదు. వెన్నెముక కేసులన్నీ న్యూరోసర్జరీ చీఫ్ గారి పేరు మీద ఉండేవి.

ఎస్తేరు ఆయన పేషెంటే. అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సు చెప్పే ట్రైనర్. వెన్నెముకకు టీబీ సోకి, చీము నరాల మీద ఒత్తడంతో రెండు కాళ్లూ పడిపోయాయి. చీఫ్ గారు ఆపరేషన్ చేశారు. చాలా బాగా చేశారు, ఆ మాట దాచను. కాళ్లలోకి కొంత బలం తిరిగి వచ్చింది. దాంతోపాటు బిగుతూ వచ్చింది. మెదడు నుంచి వెన్ను మీదుగా అందే అదుపు తప్పినప్పుడు కండరాలు వాటంతట అవే బిగుసుకుపోతాయి, ఉన్నట్టుండి ఎగిరిపడతాయి. దీన్ని స్పాస్టిసిటీ అంటాం. దానికి వాడే మందుల్లో ముఖ్యమైనది బాక్లోఫెన్. మంచి మందే, కానీ దాన్ని వాడే తీరు తెలిసి వాడాలి. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. మత్తు కమ్ముతోందేమో చూసుకోవాలి, కిడ్నీలు బాగాలేనివాళ్లకు బాగా తగ్గించి ఇవ్వాలి, మద్యం తోడు కాకూడదు. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగానే మానాలి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

చీఫ్ గారు రౌండ్‌కు వస్తే పేషెంటును పడుకోబెట్టి, మోకాలు పట్టుకుని గబుక్కున మడిచి చూసేవారు. ఎంత అడ్డం తగిలితే అంత బిగుతు. దానికో గ్రేడు ఉంటుంది. రౌండ్ రౌండ్‌కీ ఎస్తేరు గ్రేడు దిగుతోంది, మాత్రల మోతాదు పెరుగుతోంది, వెనక నిలబడ్డ జూనియర్లు తలలూపుతున్నారు. కింద మా జిమ్‌లో మాత్రం ఆమె కమ్మీలు పట్టుకుని లేవబోతే మోకాళ్లు కుప్పకూలుతున్నాయి. మోతాదు పెంచకముందు అవే కాళ్ల మీద అక్కడే నిలబడింది.

"గా బిగుసుడుతోనే నేను నిలవడుతుంటి మేడమ్," అంది ఎస్తేరు. "గది సుత తీసేస్తే ఇంక నా దగ్గర ఏమున్నది?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. బలం చాలని కాళ్లకు కొంత బిగుతే ఆసరా. అది మా పుస్తకాల్లోనూ ఉంది. మోతాదు తగ్గించమని కేస్ షీటులో రాశాను. చీఫ్ గారు కొట్టేశారు. వరండాలో నిలేసి అడిగితే, "ఏంటి డాక్టర్ గారూ, రోగం తగ్గించమంటారా, అట్టేపెట్టమంటారా?" అని నవ్వారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. అదే మోతాదు మీద ఆమెను ఇంటికి పంపేశారు. వెళ్లేటప్పుడు మందుల సంగతి చెప్పేది ఆయన జూనియర్లు. ఏ వేళకు ఏది వేసుకోవాలో చెప్పారు. ఒక్కసారిగా మానకూడదని చెప్పలేదు. ఆయన పేషెంట్ల డిశ్చార్జికి మమ్మల్ని పిలిచే ఆనవాయితీ లేదు.

అమీర్‌పేటలో ట్రైనర్ బతుకు డెమో క్లాసులో తేలిపోతుంది. కొత్త బ్యాచ్ మొదలయ్యేముందు ఒక ఉచిత క్లాసు పెడతారు. మెట్ల దాకా కిక్కిరిసిన పిల్లలు విని, నచ్చితే చేరతారు, నచ్చకపోతే పక్క బిల్డింగుకు పోతారు. ఎస్తేరు పనిచేసే ఇన్‌స్టిట్యూట్ యజమాని ఆమెకు ఒకే ఒక్క అవకాశం ఇస్తానన్నాడు. నిలబడి, బోర్డు మీద రాస్తూ చెప్పాలి. కుర్చీలో కూర్చుని చెబితే పిల్లలు లేచిపోతారని అతని వాదన. డెమో పోతే ఉద్యోగం పోయినట్టే. ఎర్రగడ్డలో ఒంటిగది ఇంట్లో తల్లి, తమ్ముడు ఆమె సంపాదన మీదే ఉన్నారు. మెత్తబడ్డ కాళ్లతో నిలబడలేనని తెలిసి ఎస్తేరు ఆ మాత్రలు మొత్తం మానేసింది.

డెమో రోజు తమ్ముడు వీపున మోసుకుని మెట్లెక్కించాడు. బోర్డు చట్రం ఒక చేత్తో పట్టుకుని క్లాసంతా నిలబడే చెప్పింది. బ్యాచ్ నిండింది. మర్నాటికి ఒళ్లంతా దురద, జ్వరం పట్టుకున్నాయి. కాళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. గోడ నిండా చీమలు పాకుతున్నాయని కేకలు పెడుతుంటే తల్లీ తమ్ముడూ మా క్యాజువాలిటీకి తెచ్చారు.

పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి గుమ్మంలో అంబులెన్సు సిద్ధంగా ఉంది. డ్యూటీ డాక్టరు చీఫ్ గారికి ఫోన్ చేశాడట. వెన్ను బాగానే ఉంది, మనసే చెదిరింది, జ్వరానికేదైనా ఇచ్చి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపెయ్యమన్నారట. స్పృహ సరిగా లేనిది మింగబోతే ఊపిరితిత్తుల్లోకి పోతుందని క్యాజువాలిటీలో నోటి మందులన్నీ ఆపేశారు. అందులో తప్పు లేదు, కానీ ఏ మందు ఆగిందో ఎవరూ చూడలేదు. నేను తల్లిని ఒక్క మాట అడిగాను. బిగుతు మాత్రలు వేస్తున్నారా అని.

"బంద్ చేసినం మేడమ్," అందావిడ. "టీబీ గోలీలైతే ఒక్క పూట సుత తప్పలే, తప్పితే రోగం మళ్ల తిరగవడ్తదని చెప్పిన్రు. ఇవి కాళ్లు మెత్తవడే గోలీలే గదా, ఆపితే ఏమైతదిలే అనుకున్నం."

టీబీ మందుల గురించి అంత గట్టిగా చెప్పిన ఆసుపత్రి దీని గురించి నోరు మెదపలేదు. ఈ జ్వరం, ఈ చీమలు ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపినందువల్లే. నాకు ఒళ్లు మండిపోయింది. తల్లికి పద్ధతి వివరించాను. మీరు అడిగితే అమ్మాయిని నా పేరు మీదికి మార్చవచ్చు, అప్పుడు మంచికీ చెడుకీ బాధ్యత నాది అన్నాను. ఆవిడ క్షణం ఆలోచించలేదు. "నీ పేరు మీదనే రాసుకో మేడమ్. ఎర్రగడ్డ దవాఖానల పెడితే మా గల్లీల ఇంక నా బిడ్డను పిచ్చిదే అంటరు," అంది.

చీఫ్ గారు కిందికి దిగివచ్చారు. అందరి ముందూ గొంతు పెంచారు. తన పేషెంటును తాను చూసుకోగలనన్నారు. నాకూ గొంతుంది. ఇప్పుడు నా పేషెంటు, నా సంతకం లేకుండా ఈ మంచం కదలదు అన్నాను. ఆయన వెళ్లి మేనేజ్‌మెంటుకు ఫిర్యాదు చేశారు. అంబులెన్సు ఖాళీగా తిరిగిపోయింది.

ఎస్తేరును ఐసీయూకు తరలించాను. ముక్కు ద్వారా కడుపులోకి గొట్టం వేయించి, ఆపేసిన మాత్రలే పాత మోతాదులో పొడిచేసి అందించాం. ఎగిరిపడే కండరాలకు నరంలోకి డయాజెపామ్ ఇస్తూ ఊపిరిని కనిపెట్టి ఉన్నాం. నేను చెప్పిందే వేదమని కూర్చోలేదు. జ్వరం ఉంది కాబట్టి వెన్ను నీరు తీయించి పరీక్షకు పంపి, ఇన్‌ఫెక్షన్ లేదని తేలేదాకా యాంటీబయాటిక్ కూడా ఇప్పించాను. జ్వరం దిగింది, కాళ్లు సడలాయి. చీమలు పోయాయి. కళ్లు తెరిచి బ్యాచ్ ఎప్పుడు మొదలని అడిగింది.

అక్కడితో సగం యుద్ధమే అయింది. పాత మోతాదు మీద ఉంచితే ప్రాణం నిలుస్తుంది, ఆమె నిలబడదు. ఇంకెప్పుడూ సొంతంగా మందు ఆపనని మాటివ్వమన్నాను. ఎస్తేరు కోపంగా చూసింది.

"ఇస్త మేడమ్. గని నాకు ఈ కాళ్లతోని ఏం పనున్నదో మీ దవాఖానల ఒక్కరన్న అడిగిన్రా?"

అడిగాను. క్లాసంతా నిలబడాలి, మధ్యలో పడిపోకూడదు, పడుకున్నాక కాళ్లు ఎగిరి నిద్ర చెడగొట్టకూడదు అంది. ఆ లెక్కనే వెళ్లాం. పడుకునే ముందు వేసేది అలాగే ఉంచి, పగటి మోతాదును వారం వారం కొద్దికొద్దిగా తగ్గించాను. ప్రతిసారీ ఆమెను నిలబెట్టి చూశాకే తర్వాతి మెట్టు. ఈలోగా యజమాని బ్యాచ్‌ను వెనక్కి జరిపాడు. చేరిన పిల్లలు ఆమే చెప్పాలన్నారట.

మా జిమ్‌లో గోడకు ఒక బోర్డు బిగించాం. ఒకరోజు ఎస్తేరు దాని మీద పాఠం రాస్తూ, మా ఫిజియోథెరపిస్టులకు అర్థం కాని డేటాబేస్ సంగతులు చెబుతూ నిలబడి ఉండగా చీఫ్ గారు పరివారంతో వచ్చారు. పాఠం అయ్యేదాకా చూశారు. తర్వాత ఆమెను చాప మీద పడుకోబెట్టమని చెప్పి, అలవాటు ప్రకారం మోకాలు మడిచారు.

"ఇంకా బిగుతు ఉంది," అన్నారు జూనియర్ల వైపు తిరిగి.

"ఉన్నది సార్," అంది ఎస్తేరు కిందనుంచే. "ఉండాల్ననే ఉంచుకున్నం."

జూనియర్లలో ఒకమ్మాయి తలూపబోయి ఆగిపోయింది. ఆయన చెయ్యి తీసేసి వెళ్లిపోయారు. ఎస్తేరు బ్యాచ్ మొదలైంది, దాని వెనక ఇంకొకటి వచ్చింది. చీఫ్ గారు రిటైరయ్యేదాకా నాతో మాట్లాడలేదు. నాకు పోయిందేమీ లేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. బిగుతు తగ్గించే మందుకు కొలత పడుకున్న మోకాలు కాదు, ఆ మనిషి చేసుకోవాల్సిన పని. మొదలుపెట్టే రోజే ఎలా మానాలో కూడా చెప్పాలి. ఆ తర్వాత ఏ పేషెంటుకూ ఆ రెండు మాటలూ మాట్లాడకుండా నేను ఈ మాత్ర రాయలేదు. అందువల్ల నా ఓపీ ఆలస్యమవుతోందని పైవాళ్లు రెండుసార్లు మెమో ఇచ్చారు. రెండింటికీ ఒకటే జవాబు రాశాను: అవుతుంది.