అక్క పాట నాదెట్లయిందంటే

గగన్‌పహాడ్ దగ్గరి కాలేజీలో నన్ను మాట్లాడమన్నారు. కవికి ఊహ ఎట్లా పుడుతుందన్నది విషయం. నాలుగు పుస్తకాలు తిరగేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, శంషాబాద్ పక్క ఊళ్లో ఉండే మా అక్కను కూడా వెంటబెట్టుకొని పోయాను. తమ్ముడి గొప్ప ఆమె చూడాలి కదా! సిగ్గులేని మనిషిని.

సరస్వతి కటాక్షమని కొందరంటారు, అన్నాను. పొంతన లేని రెండింటిని కలిపితే కొత్తది పుడుతుందని ఇంకొందరు. తల బద్దలు కొట్టుకొని వదిలేస్తే, వేరే పనిలో ఉండగా తనంతట తానే తడుతుందని మరికొందరు. ఎక్కడో విన్నది మరిచిపోయి, మనకే తట్టిందనుకోవడం కూడా ఉందట. పిల్లలు రాసుకుంటున్నారు. ఆ ఊపులో, అక్క ముందువరుసలో ఉందన్న సోయి లేకుండా, నాకు పేరు తెచ్చిన పాట పాడాను. విమానాశ్రయం దారిలో కారాపి పైన పోయే విమానాన్ని చూస్తుంటే తట్టిందని చెప్పాను.

అబద్ధం. ఆ పాట అక్కది. నాట్లప్పుడు పాట ఎత్తుకునేది ఆమే, మిగతా ఆడవాళ్లు అందుకుంటారు. తలమీదికి విమానం వస్తే ఆ మోతకు పాట ఆపుతారు, చేతులు మాత్రం ఆగవు. అది పోయేలోపు అక్క తర్వాతి చరణం కట్టేస్తుంది. ఒకసారి గట్టుమీద కూర్చొని విని, ఇంటికొచ్చి రాసుకొని, నా పేరుతో అచ్చువేసుకున్నాను. మరిచిపోవడమూ లేదు, పాడూ లేదు. చదువు రాని అక్క ఎక్కడ చూస్తుందిలే అనుకున్నాను.

పాట అయ్యాక ఆమె వైపు చూశాను. అందరితోపాటు చప్పట్లు కొడుతోంది.

కాలేజీ వాళ్ల కారులోనే తిరిగొచ్చాం. ముందు సీట్లో నన్ను పిలిచిన మాస్టారు. ఇక అక్క నిలదీస్తుంది, ఒప్పేసుకుందాం అనుకున్నాను.

"నువ్వు చెప్పినట్లే అయింది గద తమ్మీ," అంది అక్క. "యాడనో విని, మరిచిపోయి, మనదే అనుకుంటమని. ఆ పాట నేనే కట్టిననుకున్న గిన్ని దినాలు. నీ దగ్గరనే విన్నట్టున్న."

నాది కాదక్కా, నీదే. మూడు మాటలు. మాస్టారు వింటున్నారని మింగేశాను.

"ఇగ జర సరిగ నేర్పు. మొగులు దున్నెటోడా, ఇత్తులేవిరా అంటున్న నేను. తప్పేమో?"

ఆకాశాన్ని మొగులు అనడం మోటుగా ఉందని అచ్చులో నేనే మార్చాను.

"నింగి అనాలక్కా," అన్నాను.

శంషాబాద్ వచ్చేదాకా అక్క ఆ మాటను లోలోపల అనుకుంటూ, నేర్చుకుంటూ కూర్చుంది.