పక్కింటి బాబును ఇంట్లోకి తెచ్చిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకు గాలి అంటే భయం. ఫ్యాన్ గాలి, ఏసీ గాలి, సముద్రపు గాలి, ఏదైనా సరే, నా బిడ్డ చెవుల్లో దూరడానికే పుట్టిందనుకునేదాన్ని. మా పెద్దపిల్లకు అప్పుడు నాలుగో నెల. భుజం మీద తప్ప ఎక్కడా నిద్రపోయేది కాదు. మంచం మీద వేయగానే కళ్లు తెరిచేది. మస్కట్‌లో, ఘుబ్రా పేటలో మా కింది వాటాలో పగలంతా అదీ నేనూ. బీఈడీ చదివిన దాన్ని (పిల్లల మనస్తత్వం పేపర్లో మంచి మార్కులే వచ్చాయి), ఒక్క పిల్లను నిద్రపుచ్చలేకపోతున్నానని ఎలా చెప్పను? అమ్మ ఫోన్ చేస్తే "మంచిగనే పండుకుంటుందమ్మా" అనేదాన్ని.

పక్క వాటాలోకి ఫిన్లాండ్ నుంచి ఒక జంట దిగారు. ఆమెకూ చంటిబాబే. ఎదురైతే తల ఊపేది, అంతే. తిన్నావా, ఏం కూర లాంటి పలకరింపులేవీ లేవు. పొగరనుకున్నాను. (చెప్పులు మాత్రం మనలాగే గుమ్మం దగ్గర విడిచేది, అందుకని కొంత క్షమించాను.)

అది జనవరి. మస్కట్ జనవరి అంటే ఫ్యాన్ ఆపేసేంత చలి. మధ్యాహ్నం తలుపు తీస్తే, వాళ్ల గుమ్మం ముందు నీడలో, తోపుడు బండిలో ఆ బాబు ఒక్కడే నిద్రపోతున్నాడు. నెత్తిన టోపీ లేదు, చుట్టుపక్కల మనిషి లేదు. బెల్ కొట్టాను, ఎవరూ పలకలేదు. తల్లి కళ్లు తిరిగి పడిపోయిందేమో! భుజం మీద నా పిల్ల, ఒంటి చేత్తో ఆ బండి, మా హాల్లోకి తోసుకొచ్చేశాను. మా పిల్ల ఉన్ని టోపీ వాడికి తొడిగాను. వాడు లేచి ఏడుపు, వాణ్ని చూసి ఇది. మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏందీ? పక్కోళ్ల పిల్లగాన్ని ఎత్కొచ్చినవా?" సైట్‌లో చప్పుళ్ల మధ్య ఆయన అరిచారు.

"ఎత్కరాలే. చలిగాలిల వదిలేసిండ్రు, లోపటికి తెచ్చిన."

"పోలీసోళ్లకు గూడ గిట్లనే చెప్తవా? జల్ది ఇచ్చి రా తల్లీ! నేనొస్తున్న."

అంతలో తలుపు దబదబమంది. తడిజుట్టుతో ఆమె. బాబును చూసి గోడకు జారగిలబడింది. "చలి... చెవులు..." అన్నాను ఇంగ్లీషులో. ఉన్ని టోపీలో చెమటలు కక్కుతున్న కొడుకును చూసి, అంత భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. "మా దేశంలో పసిపిల్లలు మంచు పడుతున్నా బయటే పడుకుంటారు. రోజూ కిటికీ దగ్గరే కాపలా కూర్చుంటాను. ఇవాళే, తల కడుక్కుందామని లేచాను" అంది.

సారీ చెప్పబోతే ఏడుపొచ్చేసింది. ఆమె నా పిల్లను చూసింది.

"నిద్రపోదా?"

"పోదు." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"మరి నువ్వు?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె నా పిల్లను తీసుకుని బండిలో బాబు కాళ్ల వైపు పడుకోబెట్టి, మళ్లీ గుమ్మం ముందు నీడలోకి తోసింది. కుర్చీ తెచ్చుకుంది. "నేనిక్కడే ఉంటాను. నువ్వు పడుకో."

పడుకోవడమా! కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. ఏడిస్తే చాలు, పరుగెత్తి తెచ్చుకోవాలని. అది ఏడవలేదు. కాసేపు ఆకాశాన్ని చూసింది, తర్వాత కళ్లు మూసుకుంది. నేను చువ్వలకు తల ఆనించడం వరకే గుర్తు.

ఆయన లగెత్తుకొచ్చేసరికి బయట ఇద్దరు పిల్లలు, లోపల కిటికీ కింద నేల మీద నేను, అందరం ఒళ్లు తెలియని నిద్ర. నోరు తెరవబోయిన ఆయనకు ఆమె పెదవుల మీద వేలు పెట్టి చూపించిందట. ఆ వేలికి జడిసి, నాకు మెలకువ వచ్చేదాకా డ్యూటీ బూట్లతోనే గుమ్మంలో నిలబడ్డారు పాపం.

వాళ్లు ఎప్పుడో తమ దేశం వెళ్లిపోయారు. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. నిద్రపోతున్నావా అని ఎవరైనా ఒక్కసారి అడిగితే అంతా చెప్పేసేది, పిచ్చిపిల్ల.